మాగబెట్టిన కంపైలర్

గోమిని నది వరద సూచనా కేంద్రంలో కాంట్రాక్టు ప్రోగ్రామర్‌గా పనిచేసే దొమ్మేటి విశాలి ఆ ఏడు మే నెలలో ఒక కొత్త కంపైలర్ కావాలని అడిగింది. ఇంతోటి దానికి కథేమిటని మీకు అనిపించవచ్చు. విశాలికీ అలాగే అనిపించింది. టీ చల్లారేలోపు వచ్చేస్తానని సూపరింటెండెంట్ మేరీ కమలగారికి చెప్పి మరీ పై అంతస్తుకు వెళ్ళింది.

ఆమె అడగడానికి కారణం ఉంది. వేములంక ఊరు దాటాక గోమిని రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ తొమ్మిది లంకలు, వాటిలో పదకొండు వేల మంది జనం. ఎగువన వానలు పడితే నీళ్ళు లంకల మీదకి ఎప్పుడొస్తాయో కేంద్రం ముందుగా చెప్పాలి. అంతవరకు చెబుతున్నది నాలుగు గంటల ముందు. నాలుగు గంటల్లో మనుషులు పడవ ఎక్కగలరు గానీ గేదెలు ఎక్కలేవు, ధాన్యం బస్తాలు ఎక్కలేవు. విశాలి శిక్షణ కోసం రాజధానిలో ఉన్న ఆరు నెలల్లో, అక్కడి యంత్రం మీద ఒక ప్రోగ్రాము రాసింది. ఎగువన ఏడుచోట్ల కొలిచిన నీటిమట్టాలు ఇస్తే అది పద్ధెనిమిది గంటల ముందే ఏ లంకకు ఎన్ని అడుగుల నీళ్ళొస్తాయో చెబుతుంది.

తీరా తిరిగొచ్చి కేంద్రంలో కంప్యూటర్ మీద పెడితే రెండువందల పద్నాలుగు తప్పులు చూపించింది. తప్పు ప్రోగ్రాముది కాదు. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చి ఇచ్చే సాధనమే కంపైలర్. కేంద్రంలో ఉన్న కంపైలర్ నాలుగేళ్ళ నాటిది. విశాలి రాసిన భాషలో సగం మాటలు అది పుట్టాక వచ్చినవే.

కేంద్రం కంప్యూటర్లన్నీ 'అచల' అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక చేసుకుని తయారుచేసి అందరికీ ఇస్తారు. వాళ్ళు చాలా నింపాది మనుషులు. రెండు మూడేళ్ళకు ఒక విడుదల చేస్తారు, చేశాక లోపాలు దిద్దుతారు తప్ప కొత్తవి చేర్చరు. అందుకే అది ఏళ్ళ తరబడి ఆగకుండా నడుస్తుంది. అలాగని కొత్త సాధనం కావలసినవాళ్ళను వాళ్ళు వద్దనరు. ఎవరి ఫోల్డర్‌లో వాళ్ళు పెట్టుకోవచ్చు, మిగతా యంత్రానికి ఏమీ కాదు. ఇది 'అచల' తయారుచేసిన వాళ్ళకు తెలుసు. విశాలికి తెలుసు. పై అంతస్తులోని స్థిరత్వ విభాగానికి మాత్రం తెలియదు.

స్థిరత్వ విభాగం సంయుక్త సంచాలకులు గుమ్మళ్ళ పరాంకుశరావుగారు నిండుగా, నిదానంగా ఉండే మనిషి. ఆయన తల తిప్పడానికి కూడా ముందు ఆలోచిస్తారు.

"ఏమమ్మా, ఆ ఉపకరణం ఎప్పుడు విడుదలైంది?" అన్నారు.

"పోయిన నెలలోనండి."

పరాంకుశరావుగారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు, అదేదో అంటుకుంటుందేమో అన్నట్టు. "పోయిన నెల! ఇంకా బొడ్డయినా ఊడలేదు కదమ్మా! మనం 'అచల' ఎందుకు తీసుకున్నాం? స్థిరమైనది గనుక. స్థిరమైన దానిలో అస్థిరమైనది పెట్టినచో దాని స్థిరత్వమునకు భంగము కలుగదా?"

"ఏమీ కలగదండి. దాన్ని తయారుచేసిన వాళ్ళే అలా పెట్టుకుంటారు."

"వారు పెట్టుకొనవచ్చును. వారికి ఆడిట్ లేదు."

సొరుగులోంచి ఒక ఫారం తీసి ఇచ్చారు. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. కోరిన ఉపకరణము పేరు. దానిని ఈ కార్యాలయమునందు ఇంతకుముందు వాడియున్నారా? వాడియుండనిచో, అది లేకుండా ఇన్నాళ్ళు జరిగిన పని ఇకమీదట ఎందుకు జరుగదు? వాడియున్నచో, మరల ఎందుకు కోరుచున్నారు?

విశాలి కిందికొచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. మేరీ కమలగారు ముప్పై ఏళ్ళుగా ఆ కార్యాలయంలో ప్రతి ఉత్తర్వునూ తన చేత్తో టైపు చేసినావిడ. ఫారం చూసి నవ్వింది.

"ఇది నేనే కొట్టాను విశాలీ. నాలుగో ప్రశ్న దగ్గర అప్పుడే అనుమానం వచ్చి అడిగాను. 'ప్రశ్నలన్నీ సమాధానం కోసం కాదు' అన్నారు."

విశాలి ఫారం నింపింది. దానితోపాటు 'అచల' తయారీదారుల బృందానికి ఒక ఉత్తరం కూడా రాసింది. మూడోరోజే జవాబొచ్చింది. మీ సొంత ఫోల్డర్‌లో కొత్త కంపైలర్ నిక్షేపంగా పెట్టుకోండి, మేమూ అంతే, వరదల పని అన్నారు కాబట్టి త్వరగా పెట్టుకోండి, అని స్నేహంగా రాశారు. విశాలి ఆ జవాబును ఫారానికి జతచేసి పంపింది. పైనుంచి ఇలా వచ్చింది: "జతపరచిన లేఖ నిన్నటి తేదీ కలిగియున్నది. నూతన లేఖ ఆధారముగా నూతన ఉపకరణమును అనుమతించు సంప్రదాయము లేదు."

జూన్ మొదటివారంలో కమిటీ కూర్చుంది. అయిదుగురు పెద్దమనుషులు జీడిపప్పు తింటూ రెండు గంటలు చర్చించి, కొత్త ఉపకరణం ఏదైనా రెండేళ్ళ వయసు వచ్చేదాకా వాడరాదనీ, అయితే ప్రగతికి విభాగం వ్యతిరేకం కాదు కాబట్టి ఈ కంపైలర్‌ను కేంద్రంలోనే పరిపక్వం చేయాలనీ తీర్మానించారు. కంపైలర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, గుడ్డసంచిలో కట్టి, లక్క సీలు వేసి, రికార్డు గదిలో ఇనుప అల్మరాలో పెట్టారు. 'పరిపక్వతలో ఉన్నది, కదపరాదు' అని అట్టముక్క తగిలించారు.

"సార్," అంది విశాలి ఉండబట్టలేక, "అల్మరాలో పెడితే అది మామిడికాయలా మాగదండి. పాతబడుతుందంతే. పదిమందీ వాడితేనే అందులో లోపాలేమిటో తెలుస్తాయి."

పరాంకుశరావుగారు జాలిగా చూశారు. "వాడితే లోపాలు తెలుస్తాయి. లోపాలు తెలిస్తే ఫిర్యాదులొస్తాయి. అల్మరాలో ఉన్నంతకాలం ఒక్క ఫిర్యాదు రాదమ్మా. ఇంతకుమించి స్థిరత్వం ఏ దేశంలో ఉంటుంది?"

నిజంగానే ఫిర్యాదులు రాలేదు. నెల తిరిగేసరికి ఆ సంగతి రాజధానికి నివేదికగా వెళ్ళింది. అల్మరాలో ఉన్న ఉపకరణం ముప్పై రోజులపాటు ఒక్కసారి కూడా విఫలం కాలేదని చదివి అక్కడివాళ్ళు ముచ్చటపడ్డారు. ప్రశంసాపత్రం వచ్చింది. దానితో పరాంకుశరావుగారికి ఊపొచ్చింది. స్థిరత్వ వారోత్సవాలు జరిపారు. 'తొందర వద్దు, స్థిరత్వం ముద్దు' అని మెట్ల దగ్గర బోర్డు పెట్టించారు. కొత్తగా చేరిన ఇద్దరు గుమాస్తాలను రెండేళ్ళదాకా ఏ ఫైలూ ముట్టుకోకుండా వరండాలో కూర్చోబెట్టారు. వాళ్ళకు కుర్చీలివ్వడానికి అభ్యంతరం లేకపోయింది, కుర్చీలు పాతవే.

ఆ వేగంలో ఆయన చూపు నీటిమట్టాల మీద పడింది. ఎగువ కేంద్రాల వాళ్ళు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి అంకెలు చెబితే మేరీ కమలగారు రిజిస్టరులో రాస్తుంది. ఆయన రిజిస్టరు తిరగేసి, చివరి పేజీ దగ్గర ఆగారు.

"ఇది ఇవాళ పొద్దుటిదా?"

"అవునండి. ఇప్పుడే చెప్పారు."

"ఇవాళ పొద్దుటి అంకెను ఎవరు ధ్రువపరిచారు? దీనిపై రేపు సవరణ రాదని ఏమిటి నమ్మకం? ఇంత పచ్చి అంకెతో ప్రభుత్వం మాట్లాడవచ్చునా?"

మర్నాడే పరిపక్వత ఉత్తర్వు వెలువడింది. రెండు సంవత్సరములు నిండని నీటిమట్టములను వరద సూచనలకు వినియోగించరాదు. అంకెలు యథావిధిగా రాసుకోవాలి, కానీ పరిపక్వమయ్యేదాకా రిజిస్టరు మూసి ఉంచాలి.

ఆ రోజు నుంచి కేంద్రం రెండేళ్ళ క్రితపు అంకెలతో ఇవాళ్టి సూచనలు ఇవ్వడం మొదలుపెట్టింది. రెండేళ్ళ క్రితం వానల్లేవు. కాబట్టి ప్రతి సూచనా చల్లగా, నిర్భయంగా ఉండేది. వాటిని ఆ రెండేళ్ళ క్రితపు రికార్డులతోనే పోల్చి చూస్తే అచ్చుగుద్దినట్టు సరిపోయేవి. అంతకుముందు నూటికి డెబ్బయి ఒకటిగా ఉన్న కేంద్రం ఖచ్చితత్వం జులై నెలలో నూటికి నూరైంది. దేశంలో ఇలాంటి కేంద్రం ఇంకోటి లేదని రాజధాని నుంచి ఫోన్ వచ్చింది. ఆ ముక్క మాత్రం నిజమే.

విశాలి నాలుగు విజ్ఞప్తులు పంపింది. నాలుగూ పరిపక్వతకు వెళ్ళాయి.

ఆగస్టు రెండోవారంలో ఎగువన వాన పట్టింది. మూడురోజులు తెరిపి లేదు. నాలుగోరోజు ఉదయం తొమ్మిదిన్నరకు నేరేడులంక సర్పంచి పాలెపు వీరరాఘవమ్మ కేంద్రానికి ఫోన్ చేసింది. విశాలి తీసింది.

"అమ్మాయిగారూ, మీ ఆఫీసు కాడ్నించి మెసేజొచ్చిందండి. ఏట్లో మోకాల్లోతు నీళ్ళంట. మా రేవులో ఏడు మెట్లు మునిగిపోయినయ్యండి. ఆ మోకాలెవరిదండీ?"

విశాలికి నవ్వు రాలేదు. "వీరరాఘవమ్మగారూ, ఓ రెండు గంటలు ఆగండి. నేనే చేస్తాను" అంది.

"ఆగుతానండి. ఏరాగుద్దాండీ?"

విశాలి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. పరాంకుశరావుగారు తాపీగా సూచన కాగితం చూపించారు. "ఈ తేదీకి నదిలో రెండడుగులు. ధ్రువపరచబడినది."

"అది రెండేళ్ళ కిందటి ఏరండి. ఇవాళ్టిది రేవు దాటుతోంది."

"ఇవాళ్టిది రెండేళ్ళ తరువాత తప్పక పరిశీలిస్తామమ్మా. ఏదీ మరుగున పడనివ్వము."

విశాలి కిందికొచ్చి మేరీ కమలగారి బల్ల ముందు కూలబడింది. నేరేడులంక ఆమెకు కొత్తది కాదు. నీటి గుర్తులు కొలవడానికి వెళ్ళినప్పుడు వీరరాఘవమ్మగారింట్లో రెండుసార్లు అన్నం తింది. ఆ ఇంటి గోడ మీద పోయినసారి వరద గీసిపోయిన మరక ఆమె భుజం ఎత్తున ఉంది. ఆ మరక కళ్ళముందు ఆడింది.

"మేడం, కంపైలర్ దింపుకోవడం పదకొండు నిమిషాల పని. పెడితే ఉద్యోగం పోతుంది. పోతే పోనీండి. కానీ అనుమతి లేని సాధనంతో తీసిన సూచన అని తెలిస్తే, రేపు లంకలో వాళ్ళను ఖాళీ చేయించినందుకు కూడా కేసు పెడతారు."

మేరీ కమలగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆ కొత్త కంపైలర్ ఎక్కడ పెడతానన్నావు?"

"నా ఫోల్డర్‌లో. కంప్యూటర్‌లో ఒక్కొక్కళ్ళకి ఒక ఫోల్డర్ ఉంటుంది కదా, దాన్ని 'హోమ్' అంటారు."

"హోమ్ అంటే ఇల్లేగా?"

"ఇల్లే."

"పరిపక్వత ఉత్తర్వు పద్నాలుగో పేరా నాకు నోటికొచ్చు. 'ఉద్యోగులు తమ ఇండ్లయందు ఉంచుకొను వస్తువుల వయసుతో ఈ విభాగమునకు నిమిత్తము లేదు.' ఆయన శ్రీమతిగారు కొత్త ఫ్రిజ్ కొన్న వారంలో రాయించారు అది."

విశాలి ఒక తెల్లకాగితం లాక్కుంది. 'పద్నాలుగో పేరాననుసరించి, నా హోమ్‌లో ఒక కొత్త వస్తువు ఉంచుకొనుటకు అభ్యంతరము లేదని తెలుపగోరుతున్నాను' అని రాసి పైకి పంపింది. పావుగంటలో కాగితం తిరిగొచ్చింది. 'హోమ్ వ్యవహారములు ఉద్యోగి స్వవిషయము. ఇట్టి అల్ప విషయములకు విభాగ సమయమును వ్యర్థము చేయరాదు' అని ఆకుపచ్చ సిరాతో సంతకం.

పదకొండు నిమిషాలు అన్నది గానీ తొమ్మిదే పట్టింది. రెండువందల పద్నాలుగు తప్పుల్లో ఒక్కటీ మిగలలేదు. మేరీ కమలగారు మూసిన రిజిస్టరు తెరిచి ఒక్కొక్క అంకె చదువుతుంటే విశాలి ఎక్కించింది. పదకొండూ ఇరవైకి తెర మీద జవాబొచ్చింది. నేరేడులంక, మరుసటి ఉదయం ఆరు గంటలకు, తొమ్మిదడుగులు. మిగిలిన ఎనిమిది లంకల్లో అయిదింటికి నడుముల దాకా.

అప్పుడు పట్టుకుంది భయం విశాలిని. ఇన్నాళ్ళూ ఎవరో అడ్డుపడుతున్నారని కోపంగా ఉండేది. కోపంలో ఓ సుఖం ఉంది, తప్పెప్పుడూ అవతలివాళ్ళదే. ఇప్పుడు అడ్డు ఎవరూ లేరు. ప్రోగ్రాము తనది, మాట తనది. నీళ్ళు రాకపోతే తన మాట నమ్మి వేలమంది గొడ్డూ గోదాతో వానలో గట్టు మీద కూర్చోవాలి. ఇంకెప్పుడూ ఎవరి మాటా నమ్మరు. లెక్క రెండోసారి వేయించింది. అదే వచ్చింది. మూడోసారి వేయించబోతే మేరీ కమలగారు ఫోన్ తీసి చేతిలో పెట్టింది.

"వీరరాఘవమ్మగారూ, రేపు పొద్దున్న ఆరింటికి తొమ్మిదడుగుల నీరు వస్తుందండి. చీకటి పడకముందే అందరూ గట్టెక్కేయాలి. గేదెలు కూడా."

"ఇది ఆఫీసు మాటాండీ, మీ మాటాండీ?"

"నా మాటండి."

"ఆయ్. అయితే బయల్దేరతామండి" అని ఫోన్ పెట్టేసింది.

మిగతా అయిదు లంకల వాళ్ళకూ విశాలే చేసింది. ఒకాయన తిట్టాడు, ఒకాయన ఆమె పేరు రాసుకున్నాడు. మధ్యాహ్నమంతా పడవలు తిరిగాయి. వీరరాఘవమ్మ రేవులో గొడుగు లేకుండా నిలబడి, ముందు పసిపిల్లల తల్లుల్ని, తర్వాత ముసలివాళ్ళని, తర్వాత పశువుల్ని ఎక్కించి, ఆఖరి పడవలో కోళ్ళ గంపతో తాను ఎక్కింది.

మరునాడు ఉదయం ఆరూ ఇరవైకి గోమిని నేరేడులంక మీద పారింది. ఎనిమిదడుగుల పది అంగుళాలు. ఇళ్ళు తడిశాయి, ఆరు పాకలు కొట్టుకుపోయాయి. మనిషి పోలేదు. గొడ్డు పోలేదు. విశాలి గట్టు మీదకు వెళ్ళింది. బురదలో వస్తున్న ఆమెను చూసి వీరరాఘవమ్మ కోళ్ళగంప దించి, "ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చిందండి మీ ఏరు" అంది. విశాలి అప్పుడు ఏడ్చింది.

కేంద్రం నుంచి ఆ ఉదయం వెలువడిన అధికారిక సూచన: 'నదిలో ఇసుక తవ్వకాలకు అనుకూల వాతావరణము.'

విచారణ కమిటీ వేశారు. సూచన నిజమైనంత మాత్రాన అది పరిపక్వమైనదని చెప్పజాలమని పరాంకుశరావుగారు విశాలికి మెమో ఇచ్చారు. జవాబుగా విశాలి ఆకుపచ్చ సంతకం ఉన్న కాగితం నకలు జతచేసింది. కమిటీవారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్న సమయంలోనే పత్రికల్లో వచ్చింది: కొత్త సాంకేతికతతో పదివేల ప్రాణాలు కాపాడిన కేంద్రం. రాజధాని నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇంతటి నవ్యతను పెంచి పోషించిన అధికారి ఎవరని అడిగారు. ఆ అంతస్తులో ఉన్న అధికారి ఒక్కరే.

సెప్టెంబరు ఒకటిన స్థిరత్వ విభాగం పేరు నవ్యతా విభాగంగా మారింది. అధిపతి గుమ్మళ్ళ పరాంకుశరావుగారు. మెట్ల దగ్గర 'ఆలస్యం వద్దు, నవ్యత ముద్దు' అని బోర్డు లేచింది. వరండాలో కూర్చున్న ఇద్దరు గుమాస్తాలకు కార్యాలయంలోని ఫైళ్ళన్నీ అప్పగించి, పాతవాళ్ళను వరండాలోకి పంపారు. మేరీ కమలగారు టైపు యంత్రంతో సహా వరండాలోకొచ్చి, "గాలి బాగుంది" అంది. మొదటి ఉత్తర్వు అక్కడే కొట్టింది: ముప్పది దినములు దాటిన ఏ ఉపకరణమును ఈ కార్యాలయమునందు వినియోగించరాదు.

విశాలి పైకి వెళ్ళింది. పరాంకుశరావుగారు లేచి నిలబడి మరీ ఆహ్వానించారు.

"సార్, కొత్త కంపైలర్ ఆరు వారాలకోసారి వస్తుందండి. ముప్పై రోజులు దాటితే వాడకూడదంటే, మిగిలిన పన్నెండు రోజులూ ఏం చేయాలి?"

"ఆ పన్నెండు దినములు విభాగము నవ్యతకై నిరీక్షించును."

"అప్పుడు వరదొస్తే?"

ఆయన కిటికీలోంచి చూశారు. నది దూరంగా ఎర్రగా, నిండుగా పోతోంది. ఈ కోణంలో ఆయన ఎన్నడూ ఆలోచించినట్టు లేదు.

విశాలి ఈసారి వాదించలేదు. కాగితం, కలం తీసి ఆయన ముందు పెట్టింది. "నది సంగతి కూడా తేల్చండి సార్. గోమిని చాలా పాతదండి. దాన్ని చూడాలంటే నవ్యతా ఉత్తర్వు అడ్డొస్తుంది. నీళ్ళేమో ప్రతి నిమిషం కొత్తవి. వాటిని లెక్కలోకి తీసుకోవాలంటే పరిపక్వత ఉత్తర్వు ఇంకా రద్దు కాలేదు. రెండిట్లో ఏది వర్తిస్తుందో రాసిస్తే అలాగే చేస్తాను."

పరాంకుశరావుగారు చాలాసేపు ఆలోచించారు. ఫ్యాను తిరుగుతోంది. చెమట పట్టింది. ఒకసారి ఒక ఉత్తర్వు తీశారు, ఇంకోసారి ఇంకోటి తీశారు. పైవారికి ఫోన్ చేయబోయి మానుకున్నారు. చివరికి పెన్ను మూత తీసి, బల్ల మీదకు వంగి, ఒక్కొక్క మాటా పలుకుతూ రాశారు.

"నది వయసు విషయమై ప్రభుత్వము నుండి స్పష్టత రావలసియున్నది. అంతవరకు నదిని యథాతథముగా ప్రవహించనిచ్చి, దాని మట్టమును ఎప్పటిదప్పుడు వినియోగించుకొనవచ్చును. నదికి సంబంధించిన ఉపకరణములకు సైతము ఇదియే వర్తించును."

విశాలి రెండుసార్లు చదివి, తేదీ వేయించుకుని, రౌండు ముద్ర కూడా కొట్టించుకుని కిందికి పరిగెత్తింది.